పదేళ్ళ బిడ్డకు జల్లెడ

నవోదయ ప్రవేశపరీక్షను విమర్శిస్తే మన మిత్రుల్లో కొందరికి కోపం వస్తుందని తెలిసే ఈ టపా రాస్తున్నాను. వారిలో ఆ బడుల్లో చదువుకుని పైకొచ్చినవారున్నారు. ఆ బడే లేకపోతే ఊళ్ళో గొర్రెలు కాసుకుంటూ ఉండేవాళ్ళమని నిజాయితీగా చెప్పేవారున్నారు. వారి మాటను నేను కాదనను. 1971లో సర్వేలులో గురుకుల పాఠశాలకు అంకురార్పణ చేసిన పి.వి. నరసింహారావే, 1985లో కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి మంత్రి అయ్యాక నవోదయలకూ ఊపిరి పోశారు. పల్లెటూరి బిడ్డకు పైసా ఖర్చు లేకుండా తిండీ, బట్టా, పుస్తకమూ, మంచి పంతులూ దొరకాలన్న సంకల్పంలో నాకేమీ వంక కనబడదు. నా తగాదా అంతా ఆ బడి గుమ్మంతోనే.

జిల్లాకొక బడి. ఆరో తరగతిలో గరిష్ఠంగా 80 సీట్లు. ఐదో తరగతి చదివే పిల్లలు రెండు గంటల్లో 80 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. 100 మార్కుల్లో లెక్కలకు 25, భాషకు 25, తక్కిన 50 'మానసిక సామర్థ్యా'నికి. అంటే బొమ్మలకు. కాగితాన్ని మడిచి, చిల్లు పొడిచి, విప్పితే ఎలా కనబడుతుంది? అద్దంలో ఈ బొమ్మ ఎటు తిరుగుతుంది? నాలుగింటిలో వేరైనదేది? పాఠాలతో నిమిత్తం లేకుండా బిడ్డలో సహజంగా ఉన్న చురుకుదనాన్ని పట్టుకోవడానికే ఈ ఏర్పాటట! అది నిజంగా ఎవరికి ఉపయోగపడిందో తెలియాలంటే మన చిన్న పట్టణాల గోడలు చదివితే చాలు: నవోదయ, సైనిక్, గురుకులం కోచింగ్, హాస్టల్ వసతి కలదు. ఆ బొమ్మల ప్రశ్నలన్నీ కలిపి పదే రకాలు. ఏడాది పొడుగునా ఆ పదింటినే రుద్దించుకున్న బిడ్డ పక్కన, వాటిని పరీక్ష గదిలోనే తొలిసారిగా చూసిన బిడ్డను కూర్చోబెట్టి, ఇద్దరి సహజ ప్రతిభనూ తూచామంటున్నాం.

పైగా ఈ పరీక్ష జన్మకొక్కసారే. తప్పితే మళ్ళీ రాయడానికి వీల్లేదు. ఐఏఎస్ కావాలనుకునే పెద్దవాడికి ఏ రిజర్వేషనూ లేకపోయినా ఆరు అవకాశాలున్నాయి. పదేళ్ళ పసివాడికి ఒక్కటి! ఆ రోజు వాడికి జ్వరం వస్తే అంతే సంగతులు. (తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే వాటికి వేరే పరీక్ష ఉంది. ఖాళీలుంటేనే.)

ఇంతవరకూ చెప్పింది పాత గోడే కావచ్చు. కిందటేడు కర్నూలు పడమటి ప్రాంతంలో ఒక కూలీ కుటుంబపు పిల్లవాడికి నేనే దగ్గరుండి దరఖాస్తు నింపించాను. అక్కడ వానలు మొండిచెయ్యి చూపితే ఊళ్ళకు ఊళ్ళు సుగ్గికి కదిలిపోతాయి. ఈ కుటుంబం మాత్రం ఇళ్ళ కట్టుబడి పనికి బెంగుళూరు వెళ్ళింది. పిల్లవాణ్ణి కూలికి తిప్పకుండా, పనిచేసే చోటికి దగ్గరలోని సర్కారు బడిలో మూడో తరగతిలో వేశారు. నాలుగూ ఐదూ సొంత ఊళ్ళోనే. ఇక నిబంధన చూడండి: 75 శాతం సీట్లు గ్రామీణులకు. గ్రామీణుడంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా పల్లె బడిలో చదివినవాడు. ఆ మూడేళ్ళలో ఒక్కరోజు పట్నం బడిలో చదివినా పట్టణ అభ్యర్థే!

నెట్ సెంటరులో ఆ మాట వివరిస్తే తండ్రి నా ముఖంలోకి చూసి, "అంటే మావోడు పట్నమోడు అయిపోయెనా సార్? మాకు ఈడ ఇల్లే సరిగా లేదే!" అన్నాడు. ఏం చెప్పను? ప్రధానోపాధ్యాయుడి సంతకమూ, తల్లిదండ్రుల సంతకమూ, పిల్లవాడి సంతకమూ చెప్పిన కొలతకు కుదించి ఎక్కించాము. పట్టణమన్న చోట గుర్తు పెట్టాము. ఆ కుర్రవాడు పోటీ పడవలసింది ఇక డాక్టర్ల, వ్యాపారుల పిల్లలతో.

ఇదే నిబంధనను రెండో వైపు నుంచి చూస్తే ఒళ్ళు మండుతుంది. పేరు పల్లె బడి హాజరుపట్టీలోనూ, మనిషి పట్టణంలో కోచింగు హాస్టల్లోనూ ఉన్న పిల్లలను నేనెరుగుదును. కాగితం మీద వాళ్ళు గ్రామీణులు. డబ్బున్నవాడికి రికార్డు తెలుసు. పనికోసం ఊరు వదిలినవాడు, బిడ్డను బడి మానిపించకుండా చదివించిన పాపానికి, రికార్డు చేతిలో ఓడిపోతాడు. బెంగుళూరులో ఆ పిల్లవాణ్ణి బడికి పంపకుండా ఇటుకలు మోయిస్తూ, ఊరి బడి పట్టీలో పేరు అలాగే ఉంచి ఉంటే, నేడు వాడు నిక్షేపంగా గ్రామీణుడు!

చట్టం సంగతికి వద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ బిడ్డలది. బడిలో చేర్చుకునేటప్పుడు బిడ్డకు వడపోత పెట్టకూడదని దాని 13వ సెక్షన్ చెబుతుంది. పెడితే తొలిసారికి 25,000 రూపాయల దాకా జరిమానా. నవోదయ ఒక 'ప్రత్యేక కోవ' బడి అని కూడా ఆ చట్టమే అంటుంది, నిజమే. అయితే ఆరో తరగతిలో చేరే బిడ్డ వయసు ఆ గీతకు లోపలే ఉంది కదా? వీధి చివరి కాన్వెంటు చేస్తే నేరమైనది, సర్కారు చేస్తే ప్రతిభాన్వేషణ ఎలా అవుతుందో విజ్ఞులెవరైనా చెప్పాలి.

"సీట్లు 80, ఆశపడేవారు వేలమంది. మరేం చెయ్యమంటారు?" అని అడుగుతారు. కేంద్రీయ విద్యాలయాలు ఒకటో తరగతికి ఏం చేస్తున్నాయి? లాటరీ తీస్తున్నాయి. రిజర్వేషన్లన్నీ యథాతథంగా ఉంచి, అర్హులందరి పేర్లూ వేసి చీటీ తీస్తే కోచింగు దుకాణాలు ఆ సాయంత్రానికే మూతపడతాయి. ప్రతిభ ఏమైపోవాలి అంటారా? ఏడేళ్ళు చేతిలో పెట్టుకుని ప్రతిభను తయారుచెయ్యలేని బడి, ముందే తయారైనవాణ్ణి ఏరుకుని గొప్ప చెప్పుకోవడంలో ఘనతేముంది?

లాటరీకి మనసొప్పకపోతే మానండి, పరీక్షే ఉంచండి. రెండోసారి రాయనివ్వండి. బొమ్మల మార్కులను సగానికి తగ్గించండి. ప్రకటనలో ఒక్క వాక్యం చేర్చండి: తల్లిదండ్రుల వలస కారణంగా పట్టణ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలో చదివిన కాలాన్ని, స్వగ్రామంలో చదివిన కాలంగానే పరిగణించవలెను.