‘అంతా ఫిక్సింగే’ అంటే లాభపడేది దొంగే

ఐపీఎల్ మొదలైందంటే అనంతపురంలో సప్తగిరి సర్కిల్ నుంచి టవర్ క్లాక్ దాకా ఏ టీ అంగడి ముందు నిలబడినా ఒక మాట చెవిన పడుతుంది. ‘అంతా ఫిక్సింగేలే న్నా, మనకేం తెలుస్తాది!’ చివరి ఓవర్లో క్యాచ్ జారినా అదే మాట. అంపైర్ వైడ్ ఇచ్చినా, ఇవ్వకపోయినా అదే మాట. అన్నవాడే మరుసటి రాత్రి మళ్లీ ఫోన్ తీసి పందెం కడతాడు. అంతా ముందే రాసిపెట్టి ఉందని నమ్మినవాడు డబ్బెందుకు కడతాడు? ఆ రాతను తాను మాత్రం పసిగట్టగలనన్న ఆశతో. బుకీ ఇల్లు నడిచేది ఆ ఆశ మీదే.

ఆ మాట వినడానికి తెలివైన మాటలాగే ఉంటుంది. కానీ అది దొంగను కాపాడే మాట. ఆటలన్నీ అమ్ముడుపోయినవే అనుకున్నాక, నిజంగా అమ్మినవాడిని పట్టుకోవాలని ఎవరికీ అనిపించదు. అమ్మనివాడికి దక్కాల్సిన గౌరవమూ దక్కదు. అందుకే ఫిక్సింగ్ ఎలా జరుగుతుందో, ఎలా బయటపడుతుందో, మన దగ్గర ఎందుకు శిక్ష పడదో ఈ వారం కాస్త వివరంగా రాస్తున్నాను.

2025 అక్టోబరు 23న అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు టెర్రీ రోజియర్‌ను ఎఫ్‌బీఐ అరెస్టు చేసింది. 2023 మార్చిలో షార్లెట్ హార్నెట్స్ తరఫున ఆడిన ఒక మ్యాచ్‌లో, గాయం పేరు చెప్పి తొందరగా బయటికి వచ్చేస్తానని స్నేహితుడికి ముందే చెప్పాడని, ఆ కబురుతో పందెగాళ్లు డబ్బు చేసుకున్నారని అభియోగం. తాను ఏ తప్పూ చేయలేదని ఆయన అంటున్నాడు. తేల్చాల్సింది కోర్టు. జాంటే పోర్టర్ సంగతి మాత్రం తేలిపోయింది. టొరంటో రాప్టర్స్ జట్టులో చిన్న ఆటగాడు. జూదంలో అప్పులపాలయ్యాడు. ఆ అప్పు తీర్చుకోవడానికి 2024లో రెండు మ్యాచ్‌ల్లో ఒంట్లో బాగాలేదనో గాయమనో చెప్పి కొద్ది నిమిషాలకే బయటికి వచ్చేశాడు. పోర్టర్ ఇన్ని పాయింట్లు కూడా చేయడని ఒక పందెగాడు కట్టింది 80 వేల డాలర్లు. గెలిస్తే చేతికొచ్చేది 11 లక్షల డాలర్లు. పందేల కంపెనీకి అనుమానం వచ్చి డబ్బు ఆపేసింది. ఆ ఏప్రిల్ 17న అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ అతణ్ని జీవితకాలం బహిష్కరించింది. జూలైలో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

ఇక్కడ గమనించాల్సిందొకటుంది. పోర్టర్ తన జట్టును ఓడించాల్సిన పనే లేకపోయింది. జట్టు గెలిచినా ఓడినా పందెగాడికి అనవసరం. మన దగ్గర నడిచే సెషన్ పందెం సరిగ్గా ఇలాంటిదే. మొదటి ఆరు ఓవర్లకు 48–50 అని బుకీ లైన్ ఇస్తాడు. దాటుతుందని కొందరు, దాటదని కొందరు కడతారు. ఆరో ఓవర్ చివరి బంతిని ఒక బ్యాటర్ ఊరికే అడ్డుకుంటే చాలు, లక్షలు చేతులు మారతాయి. మ్యాచ్ ఫలితం మీద దాని గీటు కూడా పడదు. అనంతపురం కుర్రాడికి తెలియనిది ఇంకొకటి ఉంది. అతని ఫోన్‌లో కనిపించే బంతి మైదానంలో అప్పటికే పడిపోయి ఉంటుంది. ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. బుకీ లైన్ ఆ బంతిని ముందే చూసేసి రేటు మార్చేసి ఉంటుంది. ఆటగాడు అమ్ముడుపోకపోయినా ఈ పందెంలో కుర్రాడు నష్టపోయేవాడే. వేరుశనగ అమ్మిన డబ్బు, చీటీ పాడిన డబ్బు, అమ్మ తాళి తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు ఇలా పోతున్నాయి. బెట్టింగ్ అప్పుల్లో ప్రాణాలు తీసుకున్న పిల్లల వార్తలు ఈ జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం.

ఆటగాడి కంటే ప్రమాదం విజిల్ పట్టుకున్నవాడు. బాస్కెట్‌బాల్‌లో మరీ ఎక్కువ. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు ఉన్న కోర్టులో పదిమంది ఒకరినొకరు రాసుకుంటూ పరిగెత్తుతారు. బంతితో దూసుకొచ్చినవాడు వచ్చి గుద్దాడా, అడ్డుకునేవాడు కదులుతూ దారికి అడ్డొచ్చాడా? రెండూ ఒక్కలాగే ఉంటాయి. రెఫరీ కన్ను ఏది చూస్తే అదే తీర్పు. ఒక ఫౌల్ ఇస్తే అవతలివాళ్లకు ఫ్రీ త్రోలు. మంచి ఆటగాడికి ఫౌళ్లు ఎక్కువైతే కోచ్ అతణ్ని కూర్చోబెట్టాల్సిందే. మ్యాచ్‌లో అలాంటి నిర్ణయాలు పదుల సంఖ్యలో ఉంటాయి. వాటిలో రెండు మూడు అటూ ఇటూ అయితే ఎవరు లెక్కపెడతారు?

టిమ్ డొనాగీ ఆ సందులోంచే దూరాడు. 13 సీజన్లు ఎన్‌బీఏ రెఫరీగా ఉన్నవాడు. తాను రెఫరీగా నిలబడిన మ్యాచ్‌ల మీద కూడా పందేలు కాశాడు. ఏ రెఫరీకి ఏ ఆటగాడంటే పడదో, ఎవరు గాయంతో ఉన్నారో లోపలి కబుర్లు పందెగాళ్లకు చేరవేసి, చెప్పింది నిజమైనప్పుడల్లా డబ్బు తీసుకున్నాడు. న్యూయార్క్ మాఫియా ఫోన్లు వింటున్న ఎఫ్‌బీఐ చెవిన ఈ సంగతి పడింది. 2007 జూలైలో రాజీనామా చేశాడు, ఆగస్టులో నేరం ఒప్పుకున్నాడు, మరుసటి ఏడాది 15 నెలల జైలు శిక్ష పడింది. అతను కావాలని ఫలితాలు మార్చినట్లు ఆధారం దొరకలేదని లీగ్ నియమించిన లాయర్ లారెన్స్ పెడోవిట్జ్ నివేదిక ఇచ్చాడు. ఆ మాటను ఇప్పటికీ చాలామంది నమ్మరు. నమ్మమని నేనూ చెప్పలేను. తన డబ్బు కట్టిన మ్యాచ్‌లో ఒక మనిషి చేయి ఏమాత్రం వణక్కుండా విజిల్ ఊదగలడా?

అలాగని అనుమానం పుట్టిన ప్రతి మ్యాచ్‌నూ అమ్ముడుపోయిన మ్యాచ్ అనలేం. 2002లో లాస్ ఏంజెలిస్ లేకర్స్, శాక్రమెంటో కింగ్స్ సిరీస్ ఆరో మ్యాచ్ పేరు చెబితే అమెరికాలో ఈనాటికీ గొడవే. లేకర్స్‌కు ఒక్క చివరి క్వార్టర్‌లోనే 27 ఫ్రీ త్రోలు వచ్చాయి. 106–102తో గెలిచారు. సిరీస్ ఏడో మ్యాచ్‌కు సాగాలని రెఫరీలు చేసిన పని ఇదని డొనాగీ తర్వాత ఆరోపించాడు. లీగ్ ఖండించింది. రుజువు కాలేదు. ఆ మ్యాచ్ రెఫరీయింగ్ చాలా చెడ్డగా ఉందని నేను నమ్ముతాను. చెడ్డగా చేయడం, మొగ్గు చూపడం, అమ్ముకోవడం వేర్వేరు. మొదటిదానికి శిక్షణ కావాలి, మూడోదానికి జైలు కావాలి. మధ్యలో ఉన్న మొగ్గు మాత్రం చేసేవాడికే తెలియకుండా ఉంటుంది.

ఆ మొగ్గుకు మందు ఏమిటో కూడా ఎన్‌బీఏలోనే తేలింది. జోసెఫ్ ప్రైస్, జస్టిన్ వోల్ఫర్స్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి మ్యాచ్‌ల లెక్కలు తీసి చూశారు. రెఫరీలు ఎక్కువగా తెల్లవాళ్లయితే నల్ల ఆటగాళ్లకు, నల్లవాళ్లయితే తెల్ల ఆటగాళ్లకు ఫౌళ్లు కొంచెం ఎక్కువ పడుతున్నాయని 2007లో బయటపెట్టారు. పత్రికలన్నీ రాశాయి. లీగ్ ఒప్పుకోలేదు. ఆ తర్వాతి సీజన్ల లెక్కలు మళ్లీ తీస్తే ఆ తేడా మాయమైంది. ఎవరినీ తీసేయలేదు, ఎవరినీ శిక్షించలేదు. తమను ఎవరో లెక్కపెడుతున్నారని తెలిసింది, అంతే. 2015 నుంచి ఎన్‌బీఏ హోరాహోరీగా ముగిసిన మ్యాచ్‌ల చివరి రెండు నిమిషాల్లో రెఫరీ ఇచ్చిన నిర్ణయాలన్నిటినీ, ఇవ్వకుండా వదిలేసిన ముఖ్యమైనవాటినీ మర్నాడే తప్పొప్పులతో సహా బయటపెడుతోంది.

ఇక మన గుమ్మం దగ్గరికి వద్దాం. బళ్లారి మనకు వంద కిలోమీటర్ల దూరం. 1882 దాకా అనంతపురం ఆ జిల్లాలోనిదే. అక్కడ ఇప్పటికీ సగం అంగళ్లలో తెలుగే వినిపిస్తుంది. 2019 ఆగస్టు 31న మైసూరులో కర్ణాటక ప్రీమియర్ లీగ్ ఫైనల్‌లో బళ్లారి టస్కర్స్ 8 పరుగుల తేడాతో హుబ్లీ టైగర్స్ చేతిలో ఓడింది. ఆ నవంబరులో బళ్లారి కెప్టెన్ సి.ఎం.గౌతమ్‌ను, జట్టులోని అబ్రార్ కాజీని బెంగళూరు పోలీసులు అరెస్టు చేశారు. మెల్లగా బ్యాటింగ్ చేయడానికి 20 లక్షలు తీసుకున్నారన్నది ఆరోపణ. అది నిజమో అబద్ధమో ఈ రోజుకూ తేలలేదు. తేలకపోవడానికి కారణం సాక్ష్యం కాదు, చట్టం. 2022 జనవరి 10న కర్ణాటక హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. మ్యాచ్ ఫిక్సింగ్ చేసినా ఐపీసీ 420 కింద మోసం కిందికి రాదని, ప్రేక్షకుడు టికెట్ తనంతట తాను కొనుక్కున్నాడని, ఫిక్సింగ్ ఆటగాడి బుద్ధి చెడిందని చూపవచ్చుగానీ చర్య తీసుకోవాల్సింది క్రికెట్ బోర్డేనని చెప్పింది.

న్యాయమూర్తిని తప్పుపట్టను. చట్టంలో లేని నేరాన్ని కోర్టు పుట్టించలేదు. ఢిల్లీలోనూ ఇదే జరిగింది. 2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్ కేసులో శ్రీశాంత్, అజిత్ చండీలా, అంకిత్ చవాన్‌లపై అభియోగాలను 2015 జూలైలో ట్రయల్ కోర్టు కొట్టేసింది. అంతకు ముందు మన హైదరాబాద్ అజారుద్దీన్. 2000లో బోర్డు జీవితకాల నిషేధం వేసింది. 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. పన్నెండేళ్లు! దోషి అయితే శిక్ష పడలేదు, నిర్దోషి అయితే అన్నేళ్ల కెరీర్ తిరిగి రాలేదు. ఏదో ఒక కోర్టులో సాక్షులను నిలబెట్టి, అడగాల్సినవి అడిగి తేల్చే దారే లేకపోయింది. చట్టం లేకపోవడం దొంగకు ఎంత మేలో, నిందపడ్డ మంచివాడికి అంత కీడు.

2010లో లార్డ్స్‌లో పాకిస్తాన్ బౌలర్లు డబ్బు తీసుకుని మూడు నోబాల్స్ వేశారు. కెప్టెన్‌తో కలిపి ముగ్గురు ఆటగాళ్లకు ఏడాదిన్నర తిరక్కముందే, 2011లో, లండన్ కోర్టు జైలుశిక్ష వేసింది. అక్కడ జూదంలో మోసం చేయడమే నేరమని 2005 చట్టంలో రాసి ఉంది. శ్రీలంక 2019లో ఆటల అవినీతికి పదేళ్ల దాకా జైలు అని చట్టం చేసింది. మన దగ్గర 2013లో క్రీడా మోసాల బిల్లు ముసాయిదా తయారైంది. 2018లో లా కమిషన్ తన 276వ నివేదికలో మ్యాచ్ ఫిక్సింగ్‌ను నేరంగా ప్రకటించమంది. బిల్లు పార్లమెంటు గడప దాటలేదు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధించారు, సంతోషం. పందెం ఆడించేవాడి గురించి అందులో ఉంది. ఆట అమ్మేవాడి గురించి లేదు. 2022 నుంచి ఆంధ్రా ప్రీమియర్ లీగ్ కూడా నడుస్తోంది, రాయలసీమ పేరుతో జట్టూ ఉంది. పెద్ద లీగుల్లో ఆటగాడికి కోట్లొస్తాయి, కొనడం కష్టం. రాష్ట్ర లీగుల్లో కొద్ది డబ్బుకు ఆడే పిల్లల దగ్గరికే బుకీ ముందు వస్తాడు. బళ్లారి పేరు బయటికి వచ్చింది అందుకే.

కింది మెట్టు ఇంకా ముఖ్యం. మండల స్థాయి, జిల్లా స్థాయి స్కూల్ ఆటల్లో రెఫరీలు మన పీఈటీలే. మైదానం ఇచ్చిన స్కూలు పీఈటీ తన పిల్లల మ్యాచ్‌కే విజిల్ పట్టుకోవడం మనందరం చూసిందే. చాలామంది నిజాయతీపరులు, ఎండలో సొంత ఖర్చుతో నిలబడతారు. అయినా కబడ్డీలో గీత తొక్కాడా లేదా, బాస్కెట్‌బాల్‌లో ఫౌలా కాదా అన్నప్పుడు తన పిల్లాడి వైపు కన్ను వాలకుండా ఉండటం ఏ మనిషికైనా కష్టమే. ఆ ఒక్క నిర్ణయంతో జిల్లా జట్టులో చోటు పోతుంది. సర్టిఫికెట్ పోతుంది. రాష్ట్ర ప్రభుత్వం స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది కాబట్టి ఉద్యోగం కూడా పోతుంది. వాన నమ్ముకున్న జిల్లాలో, ఆర్డీటీ క్రీడాగ్రామంలో తెల్లవారుజామున పరిగెత్తే పల్లెటూరి పిల్లకు ఆటే పొలం. 2024లో దులీప్ ట్రోఫీ ఆడిన మైదానం పక్కనే ఆ పిల్లలు సాధన చేస్తున్నారు. వాళ్లకు జరిగే అన్యాయంలో బుకీ లేడు, మాఫియా లేదు, పోలీసు కేసు ఉండదు. ఇంటికెళ్లి ఏడ్చి ఆట మానేస్తారు.

దీనికి పార్లమెంటు కోసం ఆగనక్కర్లేదు. జిల్లా క్రీడాధికారులు, పాఠశాల క్రీడా సమాఖ్య కలిసి వచ్చే పోటీలకే మూడు పనులు చేయవచ్చు. ఆడే స్కూళ్ల పీఈటీలు ఆ మ్యాచ్‌లకు రెఫరీలుగా ఉండకూడదు. ఏ మ్యాచ్‌కు ఎవరు రెఫరీ, ఏ స్కూలు నుంచి వచ్చారు అన్నది ముందురోజే బోర్డు మీద అంటించాలి. ఫైనళ్లు, సెలెక్షన్ మ్యాచ్‌లు ఒక ఫోన్‌లోనైనా రికార్డు చేసి, ఫిర్యాదు వస్తే పిల్లల తల్లిదండ్రుల ముందే చూడాలి. ఖర్చు దాదాపు లేదు.

అనంతపురం, హిందూపురం ఎంపీలకు ఒక విన్నపం. 2013 ముసాయిదా ఏమైందని, లా కమిషన్ సిఫార్సును ఎప్పుడు చట్టం చేస్తారని వచ్చే సమావేశాల్లో ప్రశ్న వేయండి. జవాబు లిఖితపూర్వకంగా అడగండి. ఆ జవాబు ఏదొచ్చినా ఈ శీర్షికలో అచ్చువేస్తాను.