ఉప్పు మీద మన కొట్లాట ఎవరితో?

అడవి మనకు అన్నీ ఇచ్చింది గానీ ఉప్పు ఇవ్వలేదు. షావుకారు కొండెక్కింది ఆ సందు చూసుకునే. చింతపండు తీసుకుని ఉప్పు కొలిచాడు. బస్తర్‌లోనైతే సారపప్పుకి తూకానికి తూకం ఉప్పు ఇచ్చి పంపేవాళ్లు. సారపప్పు కిలో ఇవాళ పట్నంలో ఎంతో ఒకసారి అడిగి చూడండి, కడుపు మండుతుంది.

కాబట్టి ఉప్పు పేరు చెప్పి ఎవడేం అన్నా మనకు అనుమానం రావడం న్యాయమే. కానీ ఈమధ్య మన గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది: సముద్రపు కల్లుప్పే అసలుప్పు, ప్యాకెట్ ఉప్పు కంపెనీల విషం, మానేయండి అని. కంపెనీ అనే మాట కనపడగానే మనోళ్లు ఫార్వర్డ్ కొట్టేస్తున్నారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, కాస్త ఆగండి.

మన దేశంలో ప్యాకెట్ ఉప్పు కూడా ఎక్కువగా సముద్రం నుంచే వస్తుంది, అందులో పెద్ద వాటా గుజరాత్ తీరానిది. నౌపడ, చినగంజాం మళ్లలో పండే కల్లుప్పుదీ అదే పుట్టుక. ఒకదాన్ని కడిగి, శుద్ధి చేసి, మెత్తగా ఆడిస్తారు. ఇంకోదాన్ని గల్లుగా వదిలేస్తారు. రెండిట్లోనూ దాదాపు అంతా సోడియం క్లోరైడే. బీపీ ఉన్న అమ్మమ్మకి కల్లుప్పు మంచిదని పెట్టకండి. చెంచాడు కల్లుప్పు తూకంలో కాస్త తక్కువ తూగుతుంది, అంతే. గ్రాముకి గ్రాము చూస్తే తేడా లేదు. రోజుకి 5 గ్రాములు దాటొద్దనేది రెండిటికీ వర్తిస్తుంది. ఖనిజాలు ఉంటాయంటారా? ఉంటాయి, చిటికెడులో చిటికెడు. మన రాగి అంబలి ముందు అవి ఏపాటి! ఇక ప్యాకెట్ ఉప్పులో సయనైడ్ ఉందని భయపెడుతున్నారు. అది ఉప్పు గడ్డకట్టకుండా అతి కొద్దిగా కలిపే ఫెర్రోసయనైడ్. పేరులో ఆ ముక్క ఉన్నా, అనుమతించిన మోతాదులో అది విషం కాదు.

అసలు తేడా అయోడిన్. సముద్రం నుంచి వచ్చింది కదా, కల్లుప్పులో అయోడిన్ ఉంటుందిలే అనుకుంటారు. విడిగా కలిపితే తప్ప ఉండేది నామమాత్రమే. తీరంలో వాళ్లకి చేపలైనా ఉన్నాయి. మన కొండల్లో వానలు నేలలోని అయోడిన్‌ని కడుక్కుపోతాయి, ఆ నేలలో పండిన గింజలోనూ అది తక్కువే. పెద్దవాళ్లకి రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు, గర్భిణికి 250 కావాలి. అది అందకపోతే మెడ దగ్గర గొంతు వాస్తుంది. అంతకన్నా ఘోరం, కడుపులో బిడ్డ మెదడు సరిగా ఎదగదు. వాపు కంటికి కనపడుతుంది, బిడ్డ పోగొట్టుకున్న చదువు ఎవరికీ కనపడదు.

అయోడిన్ లేని ఉప్పుని తినడానికి అమ్మకూడదన్న నిషేధాన్ని కేంద్రం 2000లో ఎత్తేసింది, 2006లో మళ్లీ పెట్టింది. ఆ నిబంధనతో చిన్న ఉప్పు రైతు నలిగిపోయి పెద్ద బ్రాండ్లు బాగుపడ్డాయన్న విమర్శ ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. అయితే దానికి మందు అయోడిన్ కలిపే యంత్రం ఆ రైతుల సహకార సంఘాలకి ఇవ్వడం. మన పిల్లల పళ్లెంలోంచి అయోడిన్ తీసెయ్యడం కాదు. అయోడిన్ కలిపిన కల్లుప్పు కూడా దొరుకుతుంది. గల్లు రుచే కావాలంటే అది కొనుక్కోండి. పింక్ సాల్ట్ జోలికి మాత్రం పోకండి, అది డబ్బున్నోళ్ల సరదా.

మనం అడగాల్సింది డిపోని, అంగన్‌వాడీని, ఆశ్రమ పాఠశాల వంటశాలని. గిరిజన సహకార సంస్థని 1956లో పెట్టింది షావుకారు చేతిలోంచి మనల్ని తప్పించడానికే కదా. కొన్నవాడి చేతికి వచ్చేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలన్నది ప్రమాణం. తడి తగిలి, ఎండలో పడి, మూట విప్పి నెలలు గడిచిన ఉప్పులో అంత మిగలదు. ఇంట్లో కూడా మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టమని అమ్మకి చెప్పండి. కూర దించే ముందు వేస్తే ఇంకా మంచిది.

ఈ వారం ఒక పని చేయండి. ఉప్పు పరీక్షించే కిట్ ఉందేమో మీ ఊరి ఆశా అక్కని అడగండి. చుక్క వేస్తే నీలం రంగు రావాలి. రాకపోతే ఆ ప్యాకెట్ ఫొటో, బ్యాచ్ నంబరు, ఎక్కడ కొన్నారో రాసి ఈ పేజీకి పంపండి. అవన్నీ పట్టుకుని గ్రామసభలో కూర్చుందాం.