హాలోవీన్: విచారణ ముందు, తీర్పు తర్వాత



గుంటూరు ప్రాంతానికి చెంది, ప్రస్తుతం అమెరికాలోని డల్లాస్ నగరంలో నివసిస్తున్న ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. అక్కడ అక్టోబరు 31వ తేదీ సాయంత్రం పిల్లలు దయ్యాలుగా, అస్థిపంజరాలుగా, మంత్రగత్తెలుగా వేషాలు ధరించి ఇంటింటికీ తిరిగి మిఠాయిలు అడుగుతారు. దీనినే హాలోవీన్ అంటారు. ఆ సోదరి తన ఇద్దరు బిడ్డలను ఆ సాయంత్రం ఇంట్లోనే ఉంచి, వాకిటి దీపం ఆర్పి, తలుపు వేసుకున్నారు. ఎందుకని అడిగిన ఎనిమిదేళ్ల కుమారునితో "ఇది షైతాన్ పుట్టినరోజు" అని చెప్పారు. ఆ బాలుడు మరునాడు పాఠశాలలో పొరుగింటి స్నేహితునితో అదే మాట అన్నాడు. ఆ స్నేహితుని తల్లి గ్రంథాలయంలో పనిచేసే మహిళ. ఆమె ఎంతో మర్యాదగా వచ్చి, "మీరు ఈ వేడుకలో పాల్గొనకపోవడం మీ ఇష్టం. కానీ ఈ మాట ఏ పుస్తకంలో ఉంది? నేనూ చదువుతాను" అన్నారట. సోదరి వద్ద సమాధానం లేదు. నాటి నుండి ఆ బాలుడు "అమ్మీ, నువ్వు చెప్పింది అబద్ధమా?" అని అడుగుతూనే ఉన్నాడట.

ఈ ఉత్తరం చదివి మేము చాలాసేపు మౌనంగా ఉండిపోయాము. ఎందుకంటే ఎనిమిదేళ్ల క్రితం ఒక జుమా ప్రసంగంలో ఆ మాటను మేమే చెప్పి ఉన్నాము. హైదరాబాదులోని కొన్ని పాఠశాలలలో, అపార్టుమెంట్లలో ఈ వేడుక మొదలైందని విని, మా చేతికి అందిన ఒక ఉర్దూ కరపత్రాన్ని ఆధారం చేసుకుని మాట్లాడాము. సావిన్ అనేవాడు మృత్యుదేవత అనీ, ఆ రాత్రి అతనికి పసిబిడ్డలను బలి ఇచ్చేవారనీ, అది షైతాన్ జన్మదినమనీ గట్టిగా చెప్పాము. నమాజు ముగిశాక మా పూర్వ విద్యార్థి ఒకడు దగ్గరికి వచ్చి, "హజ్రత్, హదీసు చెప్పినప్పుడు దాని సనద్ అడగాలని మీరే నేర్పారు. ఈ మాటకు సనద్ ఏది?" అని అడిగాడు. మేము నొచ్చుకున్నాము. అతడు మాత్రం వదలలేదు. వారం రోజులు వెదికి, ఆ ఉర్దూ కరపత్రం ఒక ఆంగ్ల కరపత్రానికి అనువాదమనీ, ఆ ఆంగ్ల కరపత్రాన్ని అమెరికాలోని ఒక క్రైస్తవ ప్రచార బృందం తమ వారికోసం ముద్రించిందనీ చూపించాడు. ఇతరులను అనుకరించరాదని మింబరుపై నిలబడి బోధిస్తూ, ఆ బోధనకు కావలసిన సరుకునే ఇతరుల నుండి పరీక్షించకుండా తెచ్చుకున్నాము! వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించి తెలుసుకొమ్మని సూరా అల్ హుజురాత్ 6వ ఆయత్ ఆదేశిస్తోంది. దానిని విద్యార్థులకు ఏటా పాఠంగా చెప్పేది మేమే.

ఇక అసలు విషయానికి వద్దాము. హాలోవీన్ అన్యమతాచారమా, క్రైస్తవ పర్వమా అన్న వివాదం ముస్లిములు ప్రారంభించినది కాదు. అది ప్రధానంగా క్రైస్తవుల ఇంటి వివాదం. ఆ పేరులోనే వారి పండుగ ఉంది. నవంబరు 1 సకల పునీతుల పండుగ, దాని ముందు రాత్రి హాలోవీన్. మరునాడు నవంబరు 2న చనిపోయిన వారందరి స్మరణ దినం. మన ఆంధ్ర ప్రాంతంలో క్రైస్తవ సోదరులు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే సమాధుల పండుగ ఇదే. కనుక ఈ మూడు దినాల సంగతి మన పాఠకులకు బొత్తిగా కొత్తది కాదు.

పోపు బోనిఫేస్ 7వ శతాబ్ది ఆరంభంలో రోము నగరంలోని పాంథియన్ అనే పాత దేవాలయాన్ని చర్చిగా మార్చి, మే 13న వేద సాక్షుల స్మరణకు అంకితం చేశాడు. నవంబరు 1 తేదీ తర్వాత వచ్చింది. పోపు గ్రెగరీ నాలుగవవాని కాలంలో, 835లో, ఫ్రాంకుల సామ్రాజ్యమంతటా ఆ తేదీయే స్థిరపడింది. ఎందుకు ఆ తేదీ? ఐర్లండు, స్కాట్లండులలో అదే సమయాన సావిన్ అనే పర్వం ఉండేది. వేసవి ముగిసి, పశువులను కొండల నుండి దించి, చలికాలంలోకి అడుగుపెట్టే రాత్రి అది. నేటికీ ఐరిష్ భాషలో నవంబరు నెల పేరు అదే. సావిన్ అనేది దేవత పేరు కాదు, కాలం పేరు. దానిని దేవతగా భావించే పొరపాటు 18వ శతాబ్దిలో ఐర్లండులో పనిచేసిన చార్లెస్ వాలెన్సీ అనే సైనిక ఇంజనీరు వ్రాతల నుండి వ్యాపించింది. 19వ శతాబ్ది చివర జాన్ రీస్ అనే పండితుడు సావిన్‌ను కెల్ట్ ప్రజల సంవత్సరాదిగా ఊహించాడు. జేమ్స్ ఫ్రేజర్ 'ది గోల్డెన్ బౌ' గ్రంథంలో దానిని మృతుల పండుగగా వర్ణించాడు. చర్చి ఆ పాత పండుగపై తన పండుగను కప్పిందన్న మాట అలా లోకమంతా పాకింది.

కానీ బ్రిస్టల్ విశ్వవిద్యాలయ చరిత్రకారుడు రోనాల్డ్ హటన్ 1996లో వెలువరించిన గ్రంథంలో దీనిని తిరిగి పరీక్షించాడు. ఆ తొలి కాలంలో ఐర్లండు చర్చి సకల పునీతుల పండుగను ఏప్రిల్ 20న జరుపుకునేది. నవంబరు 1న జరుపుకున్నవారు ఇంగ్లండు, జర్మనీ ప్రాంతాల చర్చివారు. సావిన్‌ను కప్పడానికే ఆ తేదీ ఎంచుకుని ఉంటే, సావిన్ ఉన్న దేశమే ముందుగా దానిని పాటించి ఉండాలి కదా! పైగా సావిన్ గాథలను వ్రాసిపెట్టినవారు క్రైస్తవ సన్యాసులే. అదీ ఆ దేశం క్రైస్తవాన్ని స్వీకరించిన కొన్ని శతాబ్దాల తర్వాత. డ్రూయిడ్ పూజారులు నరబలి ఇచ్చేవారని రోమను సేనాని జూలియస్ సీజర్ వ్రాసిన మాట నిజమే. అది శత్రువు చెప్పిన సాక్ష్యం. అందులోనూ ఈ రాత్రి ప్రస్తావన లేదు.

అయితే అది శుద్ధ క్రైస్తవ పర్వమేనని తేల్చవచ్చునా? అదీ కుదరదు. సావిన్ రాత్రి పాతాళపు దిబ్బలు తెరుచుకుంటాయనీ, అదృశ్య జీవులు సంచరిస్తాయనీ ఐరిష్ గాథలు చెబుతాయి. మధ్యయుగపు ఇంగ్లండులో పేదలు ఇంటింటికీ వెళ్లి రొట్టెలు పుచ్చుకుని, ఆ ఇంటి మృతుల ఆత్మలకోసం ప్రార్థించేవారు. ఉత్తరించు స్థలంలోని ఆత్మలకు దానివల్ల ఊరట కలుగుతుందని వారి నమ్మకం. ప్రొటెస్టెంటులు ఆ నమ్మకాన్ని త్రోసిపుచ్చాక ఆచారం మిగిలింది, అర్థం మారింది. 1840ల కరువులో అమెరికాకు వలసపోయిన ఐరిష్ ప్రజలు తమ అలవాట్లను వెంట తీసుకువెళ్లారు. టర్నిప్ దుంపను తొలిచి దీపం పెట్టేవారు అక్కడ గుమ్మడికాయను తొలిచారు. పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయి అడిగే నేటి పద్ధతి 20వ శతాబ్దిలోనే అక్కడ స్థిరపడింది. ఇప్పుడు అందులో అధిక భాగం వ్యాపారమే. మరోవైపు, సావిన్ తమ మతపర్వమని ప్రకటించి ఆ రాత్రి పూజలు జరిపే నవీన అన్యమతస్థులూ పాశ్చాత్య దేశాలలో ఉన్నారు.

ఇంతకూ మూలం తేలితే తీర్పు తేలుతుందా? ధర్మశాస్త్ర విద్యార్థి ఆగి ఆలోచించవలసిన చోటు ఇదే. సఫా, మర్వా కొండలపై అజ్ఞానకాలంలో విగ్రహాలుండేవి. ఆ కారణంగా అక్కడ సయీ చేయడానికి అన్సార్ సహచరులు సంకోచించారు. అప్పుడు అవి అల్లాహ్ చిహ్నాలేనని సూరా అల్ బఖరా 158వ ఆయత్ అవతరించింది. నడుమ చేరిన విగ్రహం వల్ల హాజిరా (అలైహిస్సలామ్) పరుగు అపవిత్రం కాలేదు. మరోవైపు, బువానా అనే చోట ఒంటెను జిబహ్ చేస్తానని మొక్కుకున్న వ్యక్తి వచ్చినప్పుడు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) వెంటనే కాదనలేదు, వెంటనే ఔననలేదు. అక్కడ అజ్ఞానకాలపు విగ్రహం ఏదైనా పూజింపబడేదా, వారి పండుగ ఏదైనా జరిగేదా అని అడిగారు. రెండూ లేవని తెలిశాకే మొక్కు తీర్చుకొమ్మన్నారు. అబూ దావూద్‌లోని ఈ హదీసును ఇబ్ను తైమియ్యా (రహిమహుల్లాహ్) పండుగల చర్చలో ముఖ్య ఆధారంగా గ్రహించారు. మమ్మల్ని ఆకట్టుకునేది ఆ రెండు ప్రశ్నలు. ప్రవక్తవర్యులే అడిగి తెలుసుకుని తీర్పు చెప్పారు. మేము అడగకుండానే చెప్పాము.

అడిగి తెలుసుకున్న తర్వాత కూడా మా తీర్పు మారలేదు. దాని పునాది మాత్రం మారింది. మదీనావాసులకు ఆటపాటల దినాలు రెండు ఉండేవి. వాటికి బదులుగా అల్లాహ్ ఈదుల్ ఫిత్ర్, ఈదుల్ అజ్‌హాలను ప్రసాదించాడని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తెలియజేశారు. మన పండుగలు మనకు చాలు. అంతకన్నా ముఖ్యమైనది విశ్వాసం. చనిపోయినవారు బర్‌జఖ్ తెర వెనుక ఉంటారనీ, తిరిగి రావాలని కోరినా రాలేరనీ సూరా అల్ మూమినూన్ చెబుతోంది. హతుడైనవాని ఆత్మ 'హామా' అనే పక్షిగా మారి అరుస్తుందని అజ్ఞానకాలపు అరబ్బులు నమ్మేవారు. ప్రవక్తవర్యులు దానిని ఒకే మాటతో కొట్టివేశారు. దయ్యాల వేషం ఆటే కావచ్చు, కానీ పసిమనసులో అది నాటే బొమ్మ ఆ హామాకు చుట్టమే. (దుకాణం గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకునే మన సోదరులు కొందరు ఇక్కడ నవ్వకుండా ఉంటే మంచిది.)

మేము ఆ సోదరికి ఇలా వ్రాశాము: "కుమారునికి నిజం చెప్పండి. షైతాన్ పుట్టినరోజు అన్న మాట పొరపాటు, ఆ పొరపాటు ఆలిముల ద్వారానే మీ వరకు వచ్చింది. ఆ మాట మా పేరు మీదనే వెనక్కి తీసుకోండి. మనం పాల్గొనకపోవడానికి కారణం మన పండుగలు వేరు, మృతుల గురించి మన విశ్వాసం వేరు. వాకిటి దీపం ఆర్పవలసిన పని లేదు. పొరుగువారి బిడ్డ తలుపు తడితే కసురుకోకండి. పొరుగువారి హక్కు ఆ ఒక్క రాత్రి రద్దు కాదు. మిఠాయి ఇవ్వడం విషయంలో పండితులు అత్యధికులు, పండుగకు తోడ్పాటు అవుతుందని, వద్దంటారు. మీరూ మానుకుని, వేరొక రోజున మీరే వారి ఇంటికి ఏదైనా తీసుకువెళ్లండి. వారు పంపినది పుచ్చుకోవచ్చునా అన్నారు. అగ్నిపూజకుల పండుగనాడు వారు పంపిన వాటిలో జిబహ్ మాంసం వదిలి పండ్లు తినవచ్చునని హజ్రత్ ఆయిషా (రజియల్లాహు అన్హా) చెప్పినట్లు ఉల్లేఖనం ఉంది. పంది చర్మంతో చేసిన జెలటిన్ ఉందేమో మాత్రం చూసుకోండి."

షాబాన్ నెలలో ఆమె రెండవ ఉత్తరం వచ్చింది. కుమారుని వెంటబెట్టుకుని, సేమ్యా గిన్నెతో పొరుగింటికి వెళ్లారట. బాలుడే స్వయంగా తన మాట తప్పని చెప్పాడట. అంతవరకు అల్‌హమ్దులిల్లాహ్. కానీ ఉత్తరం అక్కడ ఆగలేదు. వారి అత్తగారు ఆ ఇంట్లోనే ఉంటారు. షబె బరాత్ రాత్రి ఆమె హల్వా చేసి, ఫాతిహా ఇప్పించి, "ఈ రాత్రి మీ దాదా రూహ్ గుమ్మంలోకి వస్తుంది, వట్టి చేతులతో పంపకూడదు" అని మనుమనితో అన్నారట. ఆ బాలుడు అమాయకంగా, "దాదీ, ఇది మన హాలోవీనా?" అని అడిగాడట. వృద్ధురాలు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట.

దీనికి సమాధానం వ్రాయడం మాకు మొదటి ఉత్తరం కన్న కష్టమైంది. షబె బరాత్ రాత్రి ఆరాధన విశిష్టతపై పండితుల చర్చ వేరు, దానిని ఇక్కడ కదిలించము. ఆత్మలు ఇంటికి వస్తాయన్న మాటకు మాత్రం ప్రామాణికమైన సనద్ లేదు. ఎనిమిదేళ్ల క్రితం ఆ విద్యార్థి మమ్మల్ని అడిగిన ప్రశ్ననే ఇక్కడా అడగాలి. ఐర్లండు పర్వానికి ఒక కొలబద్ద, మన వంటింటి హల్వాకు మరొకటి ఉండవు. చనిపోయినవారికోసం దుఆ చేయవచ్చు, వారి పేరిట సదఖా ఇవ్వవచ్చు. దానికి షాబాన్ పదిహేనవ రాత్రే కానక్కరలేదు. హల్వా చేసి పేదలకు పెట్టమనండి, ఏ రోజైనా సరే.

ఇంతవరకు వ్రాసి, అత్తగారికి ఈ సంగతి ఎలా చెప్పాలో వ్రాయబోయి కలం ఆపాము. మా తల్లిగారు కూడా ఆ రాత్రి వాకిటి గడియ వేయనిచ్చేవారు కాదు. మా నాన్నగారికి ఇష్టమైన శనగపప్పు హల్వాను చిన్న గిన్నెలో గుమ్మం పక్కన ఉంచేవారు. మేము మదర్సా చదువు ముగించి సనద్ పుచ్చుకుని వచ్చిన తర్వాత కూడా పందొమ్మిదేళ్లు అలాగే ఉంచారు. ఆ గిన్నె గురించి మేము ఆమెతో ఒక్కసారీ మాట్లాడలేదు.