గ్రంథాలయం కదిలేముందు కౌన్సిల్ అడగాల్సినవి

మాచర్ల నుంచి విజయపురి సౌత్ వైపు వెళితే అనుపు వస్తుంది. అక్కడ కనిపించే ప్రాచీన రంగస్థలం, విహారాల గోడలు మొదట కట్టిన చోట లేవు. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోబోయే లోయలోంచి తీసుకొచ్చి వాటిని మళ్లీ నిలబెట్టారు. నెహ్రూ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. లోయలో తవ్వకాలు అంతకు ముందే, 1954లో మొదలయ్యాయి. 1960 దాకా సాగాయి. ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ ఏమేం ఉన్నాయో వెలికితీసి, నమోదు చేసింది. వేటిని తరలించాలో, వేటిని నీటికి వదిలేయక తప్పదో తేల్చుకుంది. రాళ్ల మీద చూపిన ఆ శ్రద్ధ ఊళ్లు మునిగిన జనం మీద అంతే చూపారా అన్నది వేరే ప్రశ్న, అడిగి తీరాల్సిన ప్రశ్న. కానీ ఉన్నదాన్ని కదిలించేముందు అది ఏమిటో పూర్తిగా తెలుసుకోవాలన్న పాఠం మాత్రం మన పక్కనే, నదీతీరాన కళ్లెదుట ఉంది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన చిన్న పట్టణాలు మారుతున్నాయి. 2011 లెక్కల్లో మాచర్ల జనాభా 57,290. నకిరేకల్ నుంచి సాగర్ మీదుగా వచ్చే 565 జాతీయ రహదారి ఊళ్లోంచి పోతుంది. రోడ్లు వెడల్పు చేయాలంటారు, కాంప్లెక్సు కట్టాలంటారు, పట్టణాన్ని సుందరీకరించాలంటారు. ఇవన్నీ కావాల్సినవే. అయితే సెంటర్‌లో ఖాళీ స్థలం ఎక్కడుందని వెతికేవారి చూపు ఏ ఊళ్లోనైనా ముందుగా పడేది గ్రంథాలయం మీదే. పాత భవనం, మంచి సెంటరు, గట్టిగా మాట్లాడని జనం. మాచర్ల గ్రంథాలయాన్ని ఫలానా చోటికి మారుస్తున్నారని నేను చెప్పడం లేదు. అలాంటి ఫైలు కదిలాక రాసే వ్యాసం చేతులు కాలాక పట్టుకునే ఆకు. కదలకముందే పురపాలక సంఘంలో దానికో పద్ధతి ఉండాలన్నదే నా వాదన.

అసలు గ్రంథాలయం ఎవరిది? 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం దాని నిర్వహణ జిల్లా గ్రంథాలయ సంస్థది. ఆ సంస్థకు చైర్మన్‌ను నియమించేది ప్రభుత్వం. డబ్బు మాత్రం మనది. ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఏడాదికి రెండు వేల రూపాయల ఇంటిపన్ను కట్టే కుటుంబం దానిమీద 160 రూపాయలు పుస్తకాల కోసం కడుతోందన్నమాట. ఆ సెస్సును వసూలు చేసేది మున్సిపాలిటీ. వసూలు చేసి సంస్థకు జమచేయాలి. జమచేయకుండా బకాయి పెట్టడం రాష్ట్రమంతటా ఏళ్ల తరబడి నలుగుతున్న సమస్య. ఇక చాలా ఊళ్లలో గ్రంథాలయం నడిచే స్థలమో భవనమో స్థానిక సంస్థదే. అంటే పుస్తకాలు ఒకరివి, గోడలు మరొకరివి, సొమ్ము జనానిది. తరలింపు మాట వచ్చినప్పుడు మున్సిపాలిటీ స్థలం గురించి మాట్లాడుతుంది, సంస్థ అద్దె గురించి, సిబ్బంది గురించి మాట్లాడుతుంది. పాఠకుడి తరఫున మాట్లాడే కుర్చీ ఈ రెండు చోట్లా లేదు.

పాఠకుడంటే ఎవరో తెలియాలంటే ఏ శాఖా గ్రంథాలయానికైనా ఉదయం తలుపులు తీసే వేళకు వెళ్లి చూడండి. గ్రంథపాలకుడు తాళం తీయకముందే మెట్ల మీద నలుగురైదుగురు పెద్దవాళ్లు కూర్చుని ఉంటారు. ఇంట్లో పత్రిక వేయించుకోవడం మానేసినవాళ్లు, అసలెప్పుడూ వేయించుకోనివాళ్లు. ఒకే పత్రికను షీట్లు షీట్లుగా విడదీసి పంచుకుంటారు. జిల్లా పేజీ ఒకరి చేతిలో ఉంటే ఎడిట్ పేజీ ఇంకొకరి చేతిలో. ‘అయిందా బాబాయ్?’ అని అడిగి అందుకుంటారు. వెనక గదిలో డీఎస్సీకో, గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ ఉద్యోగానికో చదివే పిల్లలు. ఫ్యాను కింది కుర్చీ కోసం పొద్దున్నే వచ్చి పుస్తకం పెట్టి చోటు ఆపుకుంటారు. వాళ్లలో సగం మంది పక్క పల్లెల నుంచి బస్సులో వచ్చేవాళ్లే. ఇంట్లో రెండు గదులు, ఆరుగురు మనుషులు, ఆగని టీవీ. వాళ్లకు గ్రంథాలయం ఇచ్చేది పుస్తకం కన్నా ముందు నిశ్శబ్దం. ఇది ఏ రిజిస్టరులోనూ నమోదు కాదు. బయటికి తీసుకెళ్లిన పుస్తకాల లెక్క మాత్రమే చూసి ‘ఎవరొస్తున్నారండీ లైబ్రరీకి?’ అనే అధికారికి ఈ గది కనపడదు.

నేను చదువుకున్న ఊళ్లో ఇలాగే ఒక తరలింపు చూశాను. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. కొత్త కాంప్లెక్సు కడతాం, అందులోనే పెద్ద హాలిస్తాం, అందాకా తాత్కాలికంగా వేరే చోట అన్నారు. పుస్తకాలను గోతాల్లో వేసి రిక్షా బండ్ల మీద తోలారు. వెళ్లింది రెండో అంతస్తుకు. మెట్లు నిటారుగా ఉండేవి, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. మా వీధిలో ఉండే రిటైర్డు మేష్టారు మొదటి వారం మధ్యలో రెండుసార్లు ఆగుతూ ఎక్కారు. తర్వాత రావడం మానేశారు. ఆడపిల్లలు సాయంత్రం పూట రావడం అంతకన్నా ముందే మానేశారు. కాంప్లెక్సు పూర్తయింది. కింది దుకాణాలు వేలంలో పోయాయి. హాలు సంగతి అడిగిన ప్రతిసారీ పరిశీలనలో ఉందనే జవాబు. గోతాల్లో కొన్నిటిని విప్పనే లేదు. ఎవరూ గ్రంథాలయాన్ని మూసేయలేదు. మూసేయాలన్న తీర్మానమూ ఎక్కడా లేదు. అయినా అది మూతపడింది.

అందుకే కౌన్సిల్ పరిశీలన ముఖ్యమంటున్నాను. మన పురపాలక సమావేశాలు ఎలా నడుస్తాయో విలేకరులకు తెలుసు. అజెండా అంశాలు చదువుతారు, ‘ఆమోదం’ అంటారు, తర్వాతి అంశానికి వెళతారు. అసలైన సంగతులు కొన్ని టేబుల్ అజెండాగా అప్పటికప్పుడు వస్తాయి. చదివేందుకు సభ్యుడికి వ్యవధి ఉండదు. ఇంకొన్ని పని అయిపోయాక ర్యాటిఫికేషన్ కోసం వస్తాయి. మాచర్లలో మరో లోటు కూడా చూశాం. 2021 మార్చి ఎన్నికల్లో ఇక్కడి 31 వార్డులూ ఏకగ్రీవమయ్యాయి. పిడుగురాళ్ల, పులివెందుల, పుంగనూరుల్లోనూ అంతే. దాని వెనక రాజకీయాలు మరో వ్యాసానికి సరిపడా ఉన్నాయి. ఇక్కడ నాకు పట్టింపు ఒక్కటే: ఒక్క వార్డులోనూ పోలింగు జరగని ఊళ్లో, ఎదురు ప్రశ్న వేసే పక్షమే లేని సభలో, ఒక ప్రతిపాదనను ఎవరు పరిశీలిస్తారు? ఏ పార్టీ చేతిలో ఉన్నా అలాంటి కౌన్సిల్‌లో తీర్మానం సులువుగా పాసవుతుంది, దానికి పరీక్ష మాత్రం జరగదు.

పరీక్ష లేనప్పుడు ఏమవుతుందో చెన్నైలో చూశాం. కొట్టూరుపురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం 2010 సెప్టెంబరు 15న తెరుచుకుంది. ప్రభుత్వం మారింది. 2011 నవంబరులో మంత్రివర్గం దాన్ని నుంగంబాక్కంలోని విద్యాశాఖ (డీపీఐ) ఆవరణకు తరలించి, ఆ భవనాన్ని పిల్లల ఆసుపత్రి చేస్తామంది. పిల్లల ఆసుపత్రి వద్దని ఎవరంటారు? కానీ గ్రంథాలయంగా కట్టిన భవనం ఆసుపత్రికి పనికొస్తుందా, ఉన్న పాఠకులు ఏమైపోతారు అన్న ప్రశ్నలు నిర్ణయానికి ముందు ఎవరూ బహిరంగంగా వేయలేదు. పౌరులు మద్రాసు హైకోర్టుకెక్కారు. కోర్టు ఆపింది. గ్రంథాలయం ఇవాళా అక్కడే ఉంది. మహానగరంలో న్యాయవాదులు, రచయితలు, వెంటపడే పత్రికలు ఉన్నాయి కనుక అలా జరిగింది. మాచర్ల పాఠకుడు ప్రతిదానికీ హైకోర్టు మెట్లెక్కలేడు. అతనికి అందుబాటులో ఉన్న చోటు పురపాలక కార్యాలయమే.

బ్రిటన్‌లో స్థానిక కౌన్సిళ్లకు పరిశీలన సంఘాలుంటాయి. పాలక బృందం తీసుకున్న నిర్ణయాన్ని మిగతా సభ్యులు అమలుకు ముందే వెనక్కి పిలిచి ప్రశ్నించవచ్చు. అంతటి ఏర్పాటున్న చోటా తప్పులు జరిగాయి. విర్రల్ అనే చోట కౌన్సిల్ 11 గ్రంథాలయాలను మూసి, ఉన్న డబ్బును కొన్ని పెద్ద కేంద్రాల మీద పెడతామంది. 2009లో ప్రభుత్వం విచారణ వేసింది. స్థానికుల అవసరాలను, ముఖ్యంగా పిల్లల అవసరాలను కౌన్సిల్ ముందుగా అంచనా వేయలేదని విచారణలో తేలింది. ఆ ఏడాదే కౌన్సిల్ వెనక్కి తగ్గింది. అక్కడ తప్పుపట్టింది పొదుపు చేసినందుకు కాదు, ఎవరికి ఏం పోతుందో లెక్క చూడకుండా పొదుపు చేసినందుకు.

తరలింపు ఎప్పుడూ చెడ్డదే అనడం కూడా సరికాదు. వానకు కురిసే కప్పు కింద పుస్తకాలు నానుతుంటే పాత భవనాన్ని పట్టుకు వేలాడటం పుస్తకం మీద ప్రేమ అనిపించుకోదు. లండన్‌లోని టవర్ హామ్లెట్స్ వాళ్లు ముందు జనాన్ని అడిగారు. బజారుకు వచ్చినప్పుడు వెళ్లేలా ఉంటే గ్రంథాలయానికి వెళతామని జనం చెప్పారు. అందుకే పాతవాటి స్థానంలో సంతల పక్కన, దుకాణాల పక్కన కొత్తవి కట్టారు. బో ప్రాంతంలో మొదటిది 2002లో, వైట్‌చాపెల్‌లోది 2005లో తెరిచారు. అంతదూరం పోనక్కర్లేదు. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపారు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరుపుకున్న జాతి మనది. పుస్తకం పాఠకుడి గుమ్మంలోకి నడిచివెళ్లాలని నమ్మిన ఉద్యమం మనది. కనుక గ్రంథాలయాన్ని కదపొచ్చు. ఎటు కదుపుతున్నామన్నదే చూడాలి.

అందుకు కౌన్సిల్ చేయాల్సింది పెద్ద పనేం కాదు. గ్రంథాలయ తరలింపును ఎన్నడూ టేబుల్ అజెండాగా తీసుకోరాదని ఒక తీర్మానం చేసుకోవాలి. కనీసం నెలరోజుల ముందు ప్రతిపాదనను గ్రంథాలయం గోడ మీదే అతికించాలి, మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద మాత్రమే కాదు. ఉదయం ఎంతమంది, సాయంత్రం ఎంతమంది, వారిలో ఆడవాళ్లెందరు, పల్లెల నుంచి వచ్చేవారెందరు అని ఒక నెలపాటు తలలు లెక్కపెట్టి ఆ కాగితాన్ని సభ ముందుంచాలి. కొత్త చోటు బస్టాండుకు ఎంత దూరం, కింది అంతస్తా పై అంతస్తా, రాత్రి ఏడింటికి ఆడపిల్ల నడిచి ఇంటికి పోగల వీధేనా అన్నది కౌన్సిలర్లు స్వయంగా వెళ్లి చూసి రాయాలి. ఖాళీ అయ్యే స్థలం మీద ఎంత ఆదాయం వస్తుందో, అందులో గ్రంథాలయానికి ఎంత తిరిగొస్తుందో అంకెలతో చెప్పాలి. మున్సిపాలిటీ బాకీ ఉన్న సెస్సు ఎంతో అదే కాగితం మీద ఉండాలి. బాకీ తీర్చకుండా భవనం అడిగే హక్కు ఉండకూడదు.

వీటన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఒకటుంది. కొత్త తలుపు తెరిచాకే పాత తలుపుకు తాళం వేయాలి. ‘తాత్కాలికం’ అన్న మాటకు తేదీ రాయాలి, ఆ తేదీ దాటితే జవాబు చెప్పే అధికారి హోదా రాయాలి. ఈ ఒక్క షరతు ఉండి ఉంటే మా ఊరి గోతాలు ఎప్పుడో విప్పేవారు. దీనికి నిధులు అవసరం లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు.

ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. పిల్లలకు వ్యాసరచన పోటీలు, వేదిక మీద ప్రజాప్రతినిధుల ఉపన్యాసాలు ఉంటాయి. మాచర్ల పౌరులకు నా మనవి ఇది. ఈసారి ఆ వేదిక దగ్గరికి మీ ఇంటిపన్ను రసీదు పట్టుకెళ్లండి. అందులో గ్రంథాలయానికి మీరు కట్టిన మొత్తం ఎంతో చూపించి, ఈ తీర్మానం ఎప్పుడు చేస్తారని మీ వార్డు ప్రతినిధిని అందరి ముందూ అడగండి.