తాళంచెవి లేని బొమ్మ

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్ వంటి రైల్వే కాలనీలో పెరిగిన పిల్లవాడికి ‘గేజి’ అన్న మాటను ఎవరూ నేర్పనక్కరలేదు. పట్టాల నడుమ 1,676 మిల్లీమీటర్ల ఎడముంటే అది బ్రాడ్‌గేజి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచి కొలువుల కోసం తెలుగునాడు విడిచి వచ్చిన కుటుంబాల బతుకుబండి ఆ కొలతమీదనే సాగింది. వాల్తేరులో ఎక్కినవారు నడుమ దిగకుండా ఖరగ్‌పూర్ చేరగలిగారంటే, రెండు చోట్లా పట్టాల ఎడం ఒక్కటే కావడంవల్ల గదా! ప్రమాణమంటే అంతే. ఒకరినొకరు ఎరుగనివారి మధ్య ముందుగా కుదిరిన ఒడంబడిక.

సినిమాకూ అటువంటి గేజి ఉండేది. ఫిల్ము వెడల్పు 35 మిల్లీమీటర్లు. ప్రతి చిత్రానికీ ఇరుప్రక్కలా నాలుగేసి రంధ్రాలు. 1909లో ప్యారిస్‌లో సమావేశమైన నిర్మాతలు దీనిని అంగీకరించారు. టాకీ వచ్చిన పిమ్మట సెకనుకు 24 చిత్రాలు, నిమిషానికి 90 అడుగులు అన్న లెక్క స్థిరపడింది. ఆ లెక్కన రెండున్నర గంటల బొమ్మ 13,500 అడుగులు. వెయ్యి అడుగుల చొప్పున చుడితే 14 రీళ్ళు. మద్రాసులో తీసిన ప్రింటును లోకంలో ఏ ప్రొజెక్టరుమీదనైనా ఎక్కించవచ్చు. అయితే ప్రింట్లు కొన్నే. దూరాన ఉన్న ఊళ్ళు తమ వంతు వచ్చేదాకా కాచుకొనవలసిందే. తీరా వచ్చిన ప్రింటుపై గీతల వాన కురిసేది.

ఫిల్ము స్థానంలో అంకెలు వచ్చినప్పుడు కొత్త ఒడంబడిక అవసరమైంది. 2002లో హాలీవుడ్‌కు చెందిన ఏడు స్టూడియోలు ‘డిజిటల్ సినిమా ఇనిషియేటివ్స్’ అనే సంస్థను నెలకొల్పాయి. అది 2005 జూలైలో తొలి ప్రమాణాలను ప్రకటించింది. అందలి పదాలను తెనిగించబూనినవారికి అడుగడుగునా చిక్కే.

‘టూ కె’, ‘ఫోర్ కె’ అన్న మాటలనే చూడండి. ఇవి బొమ్మ వెడల్పులోని బిందువుల లెక్క. మొదటిది 2,048 బిందువుల వెడల్పు, 1,080 ఎత్తు. రెండవది 4,096 వెడల్పు, 2,160 ఎత్తు. పేరులో రెట్టింపే కనిపించినా, బిందువులు మాత్రం 22 లక్షలనుంచి 88 లక్షలకు, అంటే నాలుగింతలకు పెరిగాయి. ఇంటి టీవీ మీద రాసే ‘ఫోర్ కె’ వెడల్పు 3,840 బిందువులే. పేరొకటే, కొలత వేరు!

‘ఫుట్-ల్యాంబర్ట్’ అన్నది తెరనుంచి మన కంటికి చేరే వెలుగు కొలత. తెర నడుమ తెలుపు 14 ఫుట్-ల్యాంబర్ట్‌లు ఉండాలని నియమం. దీపం పాతబడినా, ఆదా కోసం తగ్గించినా, ఎన్ని బిందువులున్నా బొమ్మ మసకే. టిక్కెట్టు కొన్నవాడికి బిందువుల గొప్ప వినిపిస్తుంది గాని, వెలుగు లెక్క చెప్పేవారు అరుదు.

అన్నింటికంటె గడుసైన పదం ‘కె.డి.ఎం.’ నేటి సినిమా థియేటరుకు ‘డి.సి.పి.’ అనే అంకెల మూటగా చేరుతుంది. దానికి సాధారణంగా రహస్యలిపి తాళం వేసి ఉంటుంది. దానిని విప్పే తాళంచెవి వేరుగా వస్తుంది, అదే కె.డి.ఎం. ఏ థియేటరులోని ఏ యంత్రం, ఏ తేదీన ఏ గంటనుంచి ఏ గంటవరకు విప్పవచ్చునో అందులోనే రాసి ఉంటుంది. యంత్రం చెడి మరొకటి పెడితే పాత చెవి పనికిరాదు. గడువు దాటినా అంతే. రైల్వేవారికి ఇది కొత్త సంగతి కాదు. ఒంటి లైను సెక్షనులో టోకెను గోళం చేతికందనిదే డ్రైవరు బండి కదిలించేవాడు కాదు. బొగ్గు, నీరు, ప్రయాణికులు అన్నీ సిద్ధమే. టోకెను లేదు, బండి లేదు.

పూర్వం బాకీ తీరకపోతే ఫిల్ము బాక్సులు ల్యాబులో ఆగేవి. ఇప్పుడు మూట థియేటరులోనే ఉంటుంది, చెవి మాత్రం రాదు; జనం వాకిట నిలబడి ఉంటారు. ఇక మరో యాభై ఏళ్ళకు? డబ్బాలో దొరికిన పాత రీలును దీపానికి అడ్డంపెట్టినా మొహాలు పోల్చుకోవచ్చు. తాళం వేసిన మూటలో చెవి లేనివాడికి కనిపించేది ఏమీ లేదు. కనుక తాళం వేయని ప్రతిని ఒకదానిని భద్రపరచి, అప్పుడప్పుడు కొత్త డిస్కులకు ఎక్కించే బాధ్యత ఎవరో ఒకరు వహించాలి.

ఈ మార్పు మేలు చేయలేదని కాదు. నూరో ప్రదర్శన మొదటిదానివలెనే గీత లేకుండా ఉంటుంది. ప్రవాసాంధ్రుడి ఊరికి సైతం బొమ్మ తొలినాడే రాగలదు. ప్రింటు అన్నది కనుమరుగైనా, “ప్రింటు బాగుంది” అనే మాట ఇంకా మన నాలుకమీద నిలిచే ఉంది. పాత మాటను పోగొట్టుకోనవసరం లేదు. కొత్త మాటకు అర్థం తెలిస్తే చాలు. తెర మసకబారిననాడు ఎవరిని ఏమని అడగాలో మనకు తెలుస్తుంది.