తిమ్మిరి దిగే రాత్రి

బొగ్గుబాయిలో పెళ్ల పడి ముంజేయి విరిగిందనుకోండి. ఇప్పుడు చాలాచోట్ల ఒళ్లంతా మత్తు ఇవ్వరు. కాలర్ బోన్ దగ్గర చేతికి వెళ్లే నరాల గుత్తి ఉంటుంది. అక్కడ బుపివకైన్ లాంటి మందు ఎక్కిస్తే చేయి మొత్తం మొద్దుబారుతుంది. మనిషి మెలకువగా ఉండగానే ప్లేటు బిగించేస్తారు. సాయంత్రం గోదావరిఖని నుంచి చూడ్డానికొచ్చిన తోటి కార్మికులతో ‘నొప్పే లేదన్నా’ అంటాడు.

అసలు కథ అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. తిమ్మిరి దిగగానే నొప్పి ఒక్కసారిగా ముంచుకొస్తుంది. ఆపరేషన్‌లో ఏదో తేడా జరిగిందని ఇంటిల్లిపాదీ కంగారు.

ఈ రాత్రిని గట్టెక్కించడానికే నరం దగ్గరిచ్చే మందులో నల్లమందు జాతి మందుల్ని కలిపి చూశారు. మార్ఫిన్, ఫెంటానిల్‌లతో పెద్దగా ఒరిగిందేమీ లేదు. బుప్రెనార్ఫిన్ దారి వేరు. అది తిమ్మిరి మందులాగే నరంలో నొప్పి కబురు నడిచే సోడియం దారుల్ని కూడా మూస్తుంది. అమెరికా వైద్యులు 2002లో ప్రచురించిన అధ్యయనంలో తిమ్మిరి మందు ఒక్కటే ఇస్తే ఉపశమనం సగటున 6.6 గంటలు. దాంతోపాటు బుప్రెనార్ఫిన్‌ను కండకు ఇస్తే 12.5 గంటలు. నరం దగ్గరే కలిపి ఇస్తే 22.3 గంటలు! రాత్రి గడిచిపోయినట్టే.

కానీ వికారం, వాంతులు ఎక్కువ. ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది. కాలర్ బోన్ దగ్గరిచ్చే సూదికి ఒక్కోసారి ఊపిరి ఆడించే కండరం కూడా ఒకవైపు మొద్దుబారుతుంది. ఏళ్లతరబడి బొగ్గుదుమ్ము పీల్చిన పాత కార్మికుడికి ఇది చిన్న విషయం కాదు. ఆయాసం, గురక ఉంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. డెక్సామెథసోన్ కలపడం ఇంకో దారి, షుగరున్నవాళ్లు మాత్రం ఆ సంగతి దాచకూడదు. ఒక్క డోసుతో వ్యసనం అంటుకుంటుందన్న భయం మాత్రం అక్కర్లేదు.

చేయి బాగా నలిగినప్పుడు డాక్టర్లే ఎక్కువసేపు మొద్దుబార్చడానికి వెనుకాడతారు. లోపల కండ వాచి రక్తం ఆగితే ముందు చెప్పేది నొప్పే. మందులకు లొంగని నొప్పి, బిగుసుకుపోయే వాపు, పాలిపోయిన వేళ్లు... వీటిని ఓర్చుకోకండి. బాయి మనిషికి ఓర్పెక్కువే కానీ ఇది ఆ ఓర్పు చూపించే చోటు కాదు. వెంటనే నర్సును పిలవండి.

తిమ్మిరి ఎన్నింటికి దిగుతుందో, మాత్ర ఎప్పుడు వేయాలో ముందే అడిగి రాసుకోండి. నొప్పి మొదలయ్యాక కాదు, తిమ్మిరి దిగకముందే మాత్ర పడాలి. అదే రోజు ఇంటికి పంపితే చేతిని గుడ్డ ఉయ్యాలలోనే ఉంచండి. బొగ్గు పొయ్యికి తగిలినా ఆ చేతికి తెలియదు.