ఏ పేరూ సగంలో తెగొద్దు
నల్లగొండ, పాలమూరు జిల్లాల స్ట్రింగ్ ప్రణాళిక

1. ఎందుకు కలిశాం

మాలో ఒకరి నాన్న పేరు వెంకటేశ్వర్లు. నల్లగొండ జిల్లాలో ఏ బస్టాండులో నిలబడి ఆ పేరు పెట్టి పిలిచినా నలుగురు తిరిగి చూస్తారు. ఆయన ఒక పనికి దరఖాస్తు పెట్టుకున్నారు. చేతికొచ్చిన రసీదులో పేరు 'వెంకటేశ్వర' అని అచ్చయింది. దాని పక్కనే నల్లటి డైమండ్ బొమ్మ, అందులో ప్రశ్న గుర్తు. ఆధార్‌లో ఒక పేరు, రసీదులో ఒక పేరు. కలవలేదు కాబట్టి మళ్లీ రమ్మన్నారు. రానూపోనూ బస్సు కిరాయి, దాంతోపాటు ఒకరోజు కూలి పోయాయి. అది ఏ ఆఫీసన్నది ఇక్కడ అనవసరం. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి పేరంతా సరిగ్గానే కొట్టింది. పేరు తెగింది లోపల, ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన సీ ప్రోగ్రాంలో.

తెగిన చోటు ఎక్కడో మేం లెక్కపెట్టి చూశాం.

వెం, క, టే, శ్వ, ర్లు. పలక మీద దిద్దే పిల్లకు ఇవి ఐదు అక్షరాలు. యూనికోడ్‌కు మాత్రం పదమూడు గుర్తులు: వ, ఎత్వం, సున్న, క, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర, పొల్లు, ల, కొమ్ము. యూటీఎఫ్-8 పద్ధతిలో మన ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. మొత్తం 39. సీ భాష చివర పెట్టే సున్నా బైటుతో కలిపి 40. ఇదే పేరు ఇంగ్లిషులో రాస్తే 14 బైట్లు.

ప్రోగ్రాం రాసినాయన పేరుకు 32 బైట్ల గూడు పెట్టాడు. ఇంగ్లిషు పేర్లు చూసుకుని పెట్టినవాడికి అది ధారాళమే. చివరి సున్నా పోను 31 మిగిలాయి. ముప్పై బైట్లలో పది గుర్తులు పట్టాయి, పదోది 'ర'. ముప్పయ్యొకటో బైటులోకి పొల్లు తాలూకు మొదటి ముక్క ఒక్కటే వచ్చింది. మన లిపిలో ప్రతి గుర్తూ 224 అనే బైటుతోనే మొదలవుతుంది. వెనక మరో రెండు రాకపోతే ఆ 224కు అర్థం లేదు. రసీదు మీద డైమండ్‌గా అచ్చయింది ఆ ఒంటరి బైటే.

ఇది మెరుగైన సందర్భం. హద్దు చూసుకోకుండా కాపీ చేసే ప్రోగ్రాం అయితే పేరు పూర్తిగా పట్టేది, కాకపోతే మిగిలిన ఎనిమిది బైట్లు పక్క గూట్లోకి పొర్లేవి. అక్కడ ఊరి పేరుందో, ఖాతా నంబరుందో, ప్రోగ్రాం తిరిగి పోవాల్సిన చిరునామాయే ఉందో. ఏది చెరిగిపోయేదో చెప్పలేం.

2. ఈ తప్పు ఎక్కడిది

సీ భాషను డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో తయారుచేశారు. అందులో స్ట్రింగ్ అంటే వరసగా బైట్లు, ఆఖర్న ఒక సున్నా. పొడవెంతో ఎక్కడా రాసి ఉండదు. కావాలంటే మొదటినుంచి సున్నా దాకా నడిచి లెక్కపెట్టుకోవాల్సిందే. పొడవును ఎనిమిది, తొమ్మిది బిట్ల గూట్లో దాస్తే స్ట్రింగుకే హద్దు పడుతుందని, లెక్క మోసుకు తిరగడం కన్నా ముగింపు గుర్తే సులువనిపించిందని ఆ భాష చరిత్ర మీద 1993లో రాసిన వ్యాసంలో రిచీ చెప్పారు. ఆనాటి చిన్న యంత్రాలకు అది తెలివైన నిర్ణయమే. తప్పు ఆయనది కాదు. యాభై ఏళ్లలో యంత్రాలు మారినా అలవాటు మార్చుకోనిది మనం.

ఆ అలవాటు ఖరీదు 1988 నవంబర్ 2న లోకానికి తెలిసింది. ఫింగర్ అనే సేవలో 512 బైట్ల గూటిలోకి 536 బైట్లు పంపి మోరిస్ వర్మ్ అనే ప్రోగ్రాం యంత్రం నుంచి యంత్రానికి పాకింది. ఎన్ని బైట్లు వస్తాయో అడగకుండా చదివేసే 'గెట్స్' ఫంక్షనే అక్కడ తలుపు తీసింది. దాన్ని సీ ప్రమాణం నుంచి పూర్తిగా తీసేసింది 2011లో. ఒక ఫంక్షన్‌ను పంపించడానికి 23 ఏళ్లు పట్టింది.

సీని వదిలేయమని మేం అనడం లేదు. ఆపరేటింగ్ సిస్టంల నడుమ, డేటాబేసుల అడుగున, ఇతర భాషలను నడిపించే యంత్రాంగాల్లో ఉన్నది ఎక్కువగా అదే. పునాది తవ్వి పారేయలేం, రాయి సరిచేయగలం.

3. చెరువు నేర్పిన లెక్క

గొలుసుకట్టు చెరువులు తవ్వినవాళ్లకు ఈ లెక్క ముందే తెలుసు. పానగల్లు ఉదయసముద్రం దాకా పోనక్కర్లేదు, మీ ఊరి కుంట చూసినా చాలు. ఇప్పుడు నీళ్లెంత, నిండితే ఎంత, మించితే ఎటు పోవాలి అనే మూడూ తేల్చాకే కట్ట పోశారు. వాన ఎక్కువైతే చెరువు మత్తడి దుంకుతుంది, కింది చెరువు నిండుతుంది. మత్తడి లేని చెరువుకు కట్ట తెగడం ఒక్కటే దారి. సీ స్ట్రింగుకు నీటిమట్టం కొలిచే రాయీ లేదు, మత్తడీ లేదు.

మేం రాయబోయే స్ట్రింగుకు రెండూ ఉంటాయి.

4. మా స్ట్రింగ్ నియమాలు

ఒకటి. ప్రతి స్ట్రింగూ మూడు సంగతులు వెంట ఉంచుకుంటుంది: బైట్లున్న చిరునామా, ఇప్పటి పొడవు, పట్టగల మొత్తం. 64 బిట్ల యంత్రంలో ఈ మూడింటికీ కలిపి 24 బైట్లు. ఒక పేరుకు ఆ మాత్రం ఖర్చుకు మేం వెనకాడం. పాత ఫంక్షన్లకు అందించడానికి చివర సున్నా బైటు కూడా ఉంచుతాం, కానీ పొడవు కోసం దాన్ని ఎప్పుడూ అడగం.

రెండు. చోటు చాలకపోతే స్ట్రింగ్ రెట్టింపు పెరుగుతుంది. ఒక్కో బైటు కలిపినప్పుడల్లా ఒక్కో బైటే పెంచుకుంటూ, ప్రతిసారీ పాతదంతా కొత్త చోటికి మోసుకుపోతే 1,024 బైట్లు చేరేసరికి 5,23,776 బైట్లు మోయాలి. ఒకటితో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం మోత 1,023. లెక్క నమ్మకపోతే కాగితం మీద వేసి చూడండి. రెట్టింపుతో కొంత చోటు ఖాళీగా ఉండిపోతుందన్నది నిజమే. అందుకే సాల్వటోర్ సాన్‌ఫిలిప్పో రెడిస్ డేటాబేసులో వాడిన స్ట్రింగ్ ఒక మెగాబైటు దాకా రెట్టింపవుతుంది, ఆ పైన మెగాబైటు చొప్పునే అదనం పెట్టుకుంటుంది. మేమూ ఆ దారే పడతాం.

మూడు. కొత్త చోటు దొరికిందని తేలాకే పాతది వదలాలి. చోటు పెంచి ఇచ్చే 'రీఅలాక్' ఫంక్షన్ జవాబును నేరుగా పాత చిరునామా మీదే రాసుకోవడం కొత్తగా నేర్చుకునేవాళ్లంతా చేసే పొరపాటు. చోటు దొరకక అది ఖాళీ జవాబిస్తే పాత పేరూ చేజారుతుంది. కొత్త జవాబు వేరే చోట పట్టుకోవాలి, సరిచూడాలి, ఆ తర్వాతే మార్చాలి. రెట్టింపు చేసే గుణకారం కూడా ముందే సరిచూడాలి. అంకె పట్టనంత పెద్దదైతే తిరిగి చిన్నదైపోయి, కొత్త చెరువు పాతదానికన్నా చిన్నగా తయారవుతుంది.

నాలుగు. స్ట్రింగ్ పెరిగితే ఇల్లు మారుతుంది. పాత చిరునామా జేబులో పెట్టుకున్నవాళ్లు పూడ్చేసిన బావిలో చేద వేసినట్టే. కాబట్టి ప్రతి స్ట్రింగుకూ యజమాని ఒక్కరే. మిగతావాళ్లు పని ఉన్నంతసేపు చూస్తారు, దాచుకోరు.

ఐదు. చోటు లేనప్పుడు మా స్ట్రింగ్ పొరపాటు జరిగిందని గట్టిగా చెబుతుంది. చప్పుడు లేకుండా కత్తిరించదు. ఈ ప్రణాళికలో ఒక్క నియమమే మిగలాలంటే మేం ఉంచుకునేది ఇదే.

ఆరు. బైట్లు, గుర్తులు, అక్షరాలు మూడు వేర్వేరు లెక్కలు. స్ట్రింగ్ అడుగున బైట్లే లెక్కపెడుతుంది. తెరమీద చోటు చాలక కుదించాల్సి వస్తే, కోత అక్షరం అంచునే పడాలి. 30వ బైటు దగ్గర ఆపితే వెంకటేశ్వర్లు పేరులో ఏ గుర్తూ విరగదు, డైమండూ కనిపించదు, అయినా 'ర్లు' పోయి 'ర' మిగులుతుంది. బైట్ల లెక్కకు ఒప్పు, తెలుగుకు తప్పు. రస్ట్ భాష గుర్తు నడుమ కోయబోతే ప్రోగ్రామునే ఆపేస్తుంది, అక్షరం నడుమ కోస్తే మాత్రం ఊరుకుంటుంది. 'శ్వ' లాంటి ఒత్తక్షరాన్ని విడగొట్టకుండా ఒకటిగా చూడమన్న నియమం యూనికోడ్ ప్రమాణంలో చేరింది కూడా 2023లో, 15.1 కూర్పుతోనే.

ఏడు. ఒకటే కనిపించేవన్నీ ఒకటే బైట్లు కావు. సైదులు పేరులో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. మొదటిది 18 బైట్లు, రెండోది 21. కళ్లకు తేడా లేదు, యంత్రానికి ఇద్దరు మనుషులు. పోల్చే ముందు రెండింటినీ ఒకే రూపానికి తేవాలి. అలా తెచ్చేటప్పుడు పొడవు మారుతుంది. పెరగడం, తగ్గడం తెలిసిన స్ట్రింగుకే ఆ పని చేతనవుతుంది.

5. మన ఊళ్ల పేర్లతోనే పరీక్ష

మహబూబ్‌నగర్ అన్న పేరు చూడండి, పాలమూరుకు అధికారిక పేరు అదే. బకారం కింద నకారం ఒత్తుగా దిగకుండా ఆపేది నడుమనున్న కంటికి కనపడని ఒక గుర్తు. దానికీ మూడు బైట్లు. కలిపితే పేరు 33 బైట్లు. ఆ గుర్తు లేకుండా టైపు చేసినవాళ్లకు అదే జిల్లా 30 బైట్లే. వెతికితే ఒకరిది ఒకరికి దొరకదు.

ఇదే కనపడని గుర్తు 2018 ఫిబ్రవరిలో ప్రపంచ వార్త అయింది. 'జ్ఞ' తర్వాత ఆ గుర్తు, దాని వెనక దీర్ఘం వచ్చిన సందేశం తెరవగానే ఐఫోన్లలో ఆప్‌లు కూలిపోయాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదలచేసి ఆపిల్ దాన్ని సరిచేసింది. అది గూడు చాలక వచ్చిన తప్పు కాదు, అక్షరాన్ని తెరమీద పేర్చేచోట వచ్చినది. కానీ పాఠం ఒకటే. తెలుగుతో పరీక్షించని ప్రోగ్రాంకు తెలుగు ఎప్పటికీ అనుకోని అతిథే.

ఇంకోటి. సీ++ గ్రంథాలయాల్లో, అంటే ముందే రాసిపెట్టిన కోడు లైబ్రరీల్లో, చిన్న స్ట్రింగును విడిగా చోటు అడగకుండా తనలోనే దాచుకునే ఏర్పాటు ఉంది. ఒక ప్రసిద్ధ గ్రంథాలయంలో ఆ హద్దు 15 బైట్లు, మరోదాంట్లో 22. ఇంగ్లిషులో నల్గొండ ఎనిమిది బైట్లు, రెండింట్లోనూ ఇమిడిపోతుంది. తెలుగులో 'నల్గొండ' 21, అతికష్టం మీద రెండోదాంట్లో పడుతుంది. 'నల్లగొండ' 24, ఎందులోనూ పట్టదు. ఆ అంకెలు పెట్టినవాళ్లకు మన మీద కోపమేం లేదు, మన పేర్లు వాళ్ల ముందు లేవు, అంతే. ముందు పెట్టాల్సింది మనం.

6. మా దారి

తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు పాలమూరు గడ్డ మీద పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. అందులో 354 మంది కవులు. ఆయన జవాబు కవుల పేర్లు, కవితల రూపంలో వచ్చింది. మేమూ ఫిర్యాదుల దస్త్రం పెంచం. పనిచేసే కోడు, దాన్ని పరీక్షించే పేర్లు ముందు పెడతాం.

మా మొదటి ఏడాది పని ఇది:

అ) పై ఏడు నియమాలు పాటించే స్ట్రింగ్ గ్రంథాలయాన్ని సీలో రాయడం. సోర్సు అందరికీ తెరిచి ఉంటుంది.

ఆ) ఉమ్మడి రెండు జిల్లాల ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, మనుషుల పేర్లతో పరీక్షల పట్టిక. ఒత్తులు, కనపడని గుర్తులు, రెండు రూపాల ఐత్వాలు అన్నీ అందులో ఉంటాయి. ఏ ప్రోగ్రామరైనా తన ప్రోగ్రాంలోకి పోసి చూసుకోవచ్చు.

ఇ) కోడు వివరణలు తెలుగులో. 'మాలాక్', 'పాయింటర్' లాంటి మాటలను మార్చం, వాటి చుట్టూ ఉండే వాక్యం మాత్రం తెలుగే.

ఈ) నెలకొకసారి కూడడం. ఒక నెల నల్లగొండలో, ఒక నెల మహబూబ్‌నగర్‌లో.

మా కోరికలు మూడే. దరఖాస్తు ఫారాలకు ప్రోగ్రాం రాయించేవాళ్లు పేరు గూడును ఇంగ్లిషు అక్షరాలతో కొలవొద్దు. పట్టని పేరును కత్తిరించడం మాని, పట్టలేదని తెరమీద చెప్పించాలి. నల్లగొండలో 2007లో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. అక్కడా, చుట్టుపక్కల కాలేజీల్లోనూ సీ పాఠం చెప్పే గురువులు స్ట్రింగ్ పాఠంలో ఒక్క ఉదాహరణైనా తెలుగు పేరుతో ఇవ్వాలి. ఇంగ్లిషు 'hello' దగ్గర ఐదు బైట్లతో ఆగిపోయిన పిల్లలకు 39 బైట్ల వెంకటేశ్వర్లు ఉద్యోగంలో చేరాకే ఎదురుపడుతున్నాడు.

7. పిలుపు

ఈ కూటమికి పేరింకా పెట్టలేదు. రుసుము లేదు, అధ్యక్షుడు లేడు. సీ వచ్చినవాళ్లు కోడు రాయండి. రానివాళ్లు నేర్చుకోవడానికి రండి, మేమూ నేర్చుకుంటూనే ఉన్నాం. కంప్యూటర్ అక్కర్లేని పని కూడా ఒకటుంది. మీ ఇంట్లో కాగితాలు తీసి చూడండి. ఎవరి పేరైనా సగంలో తెగి ఉంటే, అసలు పేరు, తెగిన రూపం రెండూ రాసివ్వండి. నంబర్లు వద్దు, చిరునామా వద్దు, పేరు చాలు. పరీక్షల పట్టికలో వెంకటేశ్వర్లు కింద దాన్ని చేరుస్తాం. అందులో ఒక్క పేరు తెగినా మా స్ట్రింగ్ సిద్ధం కానట్టే.